ముక్కుకు తెలిసే తేడా కాలేయానికి తెలియదు



ఇటీవల ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర, నలభై ఏళ్ళ వయసున్న ఒక బంధువు నా ప్రక్క కుర్చీలో కూర్చుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి ఇలా అడిగాడు: "డాక్టరు గారూ, నేను చవకరకం ముట్టుకోను. సింగిల్ మాల్ట్ స్కాచ్ తప్ప ఇంకొకటి తీసుకోను. దానితో లివరుకు ఇబ్బంది ఉండదు కదా?"

ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. ప్రభుత్వాసుపత్రులలో పనిచేసిన ముప్ఫై ఏళ్ళకు పైబడిన కాలంలో దీనిని అనేక రూపాలలో విన్నాను. దీనికి సమాధానం ఒక్క వాక్యంలో చెప్పవచ్చును. అయితే ఒకప్పుడు నేనే ఈ ప్రశ్నకు తప్పు సమాధానం చెప్పాను. ఆ తప్పును మొదటిసారి పైకి ఒప్పుకున్నది స్కాట్లండులో, విస్కీ రుచి చూసిన రోజున. అందుచేత ఈసారి మిమ్మల్ని అంత దూరం వెంటబెట్టుకుని వెళ్ళక తప్పదు.

ఒక చిన్న వాగు ఒడ్డున

2018 జూన్‌లో నేనూ, నా భార్యా మా అమ్మాయి ఇంటికి డండీ నగరానికి వెళ్ళాము. అమ్మాయీ, అల్లుడూ ఇద్దరూ అక్కడి ప్రభుత్వ వైద్య సేవలో డాక్టర్లు. ఒక ఆదివారం అల్లుడు, "మామయ్యగారూ, ఇంత దూరం వచ్చి విస్కీ ఎలా తయారవుతుందో చూడకుండా వెళితే ఎలా? తాగమని అనడం లేదు, చూద్దాం రండి" అన్నాడు. మామా అల్లుళ్ళు కలిసి సారా బట్టీకి వెళ్ళడమేమిటని నా భార్య నవ్వింది. తాను మనవరాలితో ఇంట్లో ఉంటానన్నది. మేము ముగ్గురం బయలుదేరాము. కారు నడిపింది మా అమ్మాయి.

వెళ్ళిన చోటు పేరు ఎడ్రడౌర్. పెర్త్ దాటి ఉత్తరంగా వెళితే పిట్లోఖ్రీ అనే కొండల ఊరు వస్తుంది. దానికి సుమారు రెండు మైళ్ళ దూరంలో ఉన్నదీ కర్మాగారం. విస్కీ ప్రియులు తరచు తలచుకునే పెద్ద పేర్లలో ఇది లేదు. సున్నం వేసిన గోడలు, ఎర్రటి తలుపులు, మధ్యగా పారే వాగు. దూరం నుంచి చూస్తే ఎవరిదో పొలం ఇల్లు అనుకుంటాము. 1825లో మొదలైనదని దీని చరిత్ర చెబుతుంది. స్కాట్లండులో లైసెన్సుతో బట్టీ నడపడాన్ని సులభం చేసిన చట్టం వచ్చినది 1823లో. అంతకు ముందు ఆ కొండలలో చాటుమాటుగా కాచినవారు చాలామంది ఆ తరువాత లైసెన్సులు తీసుకున్నారు. ఎడ్రడౌర్ చాలాకాలం స్కాట్లండులోని అతి చిన్న విస్కీ కర్మాగారమని పేరు పొందింది. 2002లో ఒక పెద్ద ఫ్రెంచి సంస్థ నుంచి దీనిని ఆండ్రూ సిమింగ్టన్ అనే స్కాట్లండు వ్యాపారి కొన్నారు.

లోపల తిరుగుతున్నంతసేపూ నాకు మన ఊళ్ళే గుర్తుకు వచ్చాయి. మన ఇళ్ళలో పిల్లలకు రాగి మాల్టు చేసేటప్పుడు గింజలు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడతాము కదా! ఇక్కడ బార్లీకి చేసేదీ అదే. మొలకెత్తిన గింజలో పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు పుడతాయి. ఆ గింజను మర ఆడించి, వేడినీటిలో కలిపి, తీపి నీటిని వేరు చేస్తారు. దానిని పెద్ద చెక్క తొట్టెలలో ఈస్టుతో పులియబెడతారు. ఆ పులిసిన ద్రవాన్ని రాగి పాత్రలలో రెండుసార్లు మరిగించి, ఆవిరిని చన్నీళ్ళ తొట్టెలో మునిగి ఉన్న రాగి గొట్టపు చుట్టలగుండా పంపి చల్లార్చుతారు. మొదట వచ్చే భాగాన్నీ చివర వచ్చే భాగాన్నీ వేరుచేసి, మధ్య భాగాన్ని మాత్రమే ఓక్ చెక్క పీపాలలోకి ఎక్కిస్తారు. చట్టం ప్రకారం కనీసం మూడేళ్ళు పీపాలో ఉంటేనే అది స్కాచ్ విస్కీ. సీసాలో పోసినప్పుడు ఆల్కహాలు 40 శాతానికి తగ్గరాదు. ఒకే కర్మాగారంలో, మొలకెత్తించిన బార్లీతో మాత్రమే, ఇలాంటి రాగి పాత్రలలో కాచినది సింగిల్ మాల్ట్. పీపాలో ఉన్న సరుకులో ఏటా సుమారు 2 శాతం గాలిలో కలిసిపోతుంది. దానిని అక్కడివారు దేవదూతల వాటా అంటారు.

మన వైద్యులకు ఆసక్తి కలిగించే చరిత్ర కూడా ఇందులో ఉన్నది. విస్కీ అనే మాటకు మూలమైన గేలిక్ పేరుకు "జీవజలం" అని అర్థం. 1505లో ఎడిన్‌బరోలో ఈ జీవజలాన్ని తయారుచేసి అమ్మే హక్కు పూర్తిగా క్షురకులూ, శస్త్రవైద్యులూ కలిసిన సంఘానిదే. నేటి ఎడిన్‌బరో రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌కు మూలం ఆ సంఘమే. అంటే మద్యాన్ని మందుగా అందించిన పాపంలో మా వృత్తికి అయిదు వందల ఏళ్ళ వాటా ఉన్నది. మనవాళ్ళు మద్యాన్ని "మందు" అనడం విన్నప్పుడల్లా నాకు ఇది జ్ఞాపకం వస్తుంది.

మొదటి గ్లాసు

ఒక రాతి కొట్టంలో బల్ల ముందు కూర్చోబెట్టి, తులిప్ పువ్వు ఆకారంలో ఉన్న చిన్న గ్లాసులలో కొద్దికొద్దిగా పోశారు. అమ్మాయి తన గ్లాసును ప్రక్కకు జరిపి, "నేను బండి నడపాలి" అన్నది. స్కాట్లండులో వాహనం నడిపేవారి రక్తంలో అనుమతించే ఆల్కహాలు పరిమితిని 2014 డిసెంబరులో 100 మి.లీ.కు 80 మిల్లీగ్రాముల నుంచి 50కి తగ్గించారు. మన దేశంలో అది 30 మిల్లీగ్రాములు. మన పరిమితే కఠినమైనది. పాటించడంలో మాత్రం వారే ముందున్నారని వేరే చెప్పనక్కరలేదు.

నాకు అప్పుడు అరవై తొమ్మిదేళ్ళు. మెడికల్ కాలేజీ రోజులలో ఒకసారి హాస్టలులో బ్రాందీ రుచి చూసి మొహం చిట్లించడం తప్ప నాకు మద్యంతో పరిచయం లేదు. మాకు దారి చూపిన ఆవిడ ఎలా రుచి చూడాలో నేర్పించింది. ముందు రంగు చూడాలి. తరువాత గ్లాసును ముక్కుకు కొంచెం దూరంగా పట్టుకుని, నోరు కాస్త తెరిచి, నెమ్మదిగా వాసన చూడాలి. ఒక్కసారిగా దగ్గరకు తెస్తే ఆల్కహాలు ఘాటుకు ముక్కు మొద్దుబారుతుంది. తరువాత అర చెంచాడు నాలుక మీద వేసుకుని, మింగకుండా కొంతసేపు ఉంచాలి. చివరగా రెండు మూడు చుక్కల నీళ్ళు కలిపి మళ్ళీ చూడాలి.

మొదటిది పదేళ్ళ ఎడ్రడౌర్. వాసన చూస్తే, నిజం చెబుతున్నాను, ఆశ్చర్యపోయాను. ఎండుద్రాక్ష, వేయించిన బాదం, అరిసెల పాకం ముదురుతున్నప్పటి వాసన. దాని వెనుక, మా అమ్మమ్మ ఇంట్లో పాత చెక్క బీరువా తెరిచినప్పుడు వచ్చే వాసన. ఇందులో మాయ ఏమీ లేదు. స్పెయిన్ దేశపు షెర్రీ ద్రాక్షసారా అంతకు ముందు నిల్వ ఉంచిన ఓక్ పీపాలలో ఏళ్ళ తరబడి ఉండడంవల్ల ఆ ఎండుఫలాల వాసన, చెక్కలోని లిగ్నిన్ విడిపోయి వెనిలిన్ ఏర్పడడంవల్ల ఆ తీపి వాసన వస్తాయి. మనం రుచి అనుకునేదానిలో అధికభాగం వాసనే. నాలుకకు తెలిసేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసపు రుచి మాత్రమే. మిగిలినదంతా గొంతు వెనుకనుంచి ముక్కులోకి వెళ్ళే ఆవిరులు చెప్పే కబురు. జలుబు చేస్తే కూర చప్పగా ఉండడానికి కారణమూ ఇదే.

మంచి సరుకుకూ, చెడ్డ సరుకుకూ తేడా ఉన్నదని ఆ గ్లాసు నాకు నిరూపించింది. ఆ తేడాను కాదనే ఉద్దేశం నాకు లేదు.

రెండవ గ్లాసు

తరువాత వచ్చింది అదే కర్మాగారంలో తయారయ్యే బలీఖిన్ అనే రకం. ఆ ప్రాంతంలో ఎప్పుడో మూతపడిన ఒక పాత కర్మాగారం పేరు దీనికి పెట్టారు. దీనికి వాడే బార్లీని పీట్ పొగతో ఆరబెడతారు. పీట్ అంటే బురదనేలలలో వేల ఏళ్ళపాటు సగం కుళ్ళి గడ్డకట్టిన గడ్డీ నాచూ. దానిని పిడకల్లా కోసి, ఎండబెట్టి, మండిస్తారు.

గ్లాసు ముక్కు దగ్గరకు తెచ్చాను. ఆ క్షణంలో స్కాట్లండు మాయమైంది. మా జిల్లా ఆసుపత్రి మగవారి వార్డు, ఉదయం ఆరు గంటలవేళ అప్పుడే ఫినాయిలుతో తుడిచిన నేల నా ముందుకు వచ్చాయి.

దీనికీ శాస్త్రీయమైన కారణం ఉన్నది. పీట్ పొగలో ఫినాల్, క్రెసాల్, గ్వాయకాల్ అనే పదార్థాలు ఉంటాయి. ఫినాల్ అంటే కార్బాలిక్ ఆమ్లమే. 1865లో గ్లాస్గో నగరంలో జోసెఫ్ లిస్టర్ గాయాలు చీము పట్టకుండా వాడినది అదే. లైసాల్‌లో ఉండేది క్రెసాల్. ఆసుపత్రి నేల, పొగ పట్టిన విస్కీ ఒకే కుటుంబం వాసన వేయడంలో వింత లేదు. కానీ ఆ వాసన నాకు గుర్తుచేసినది ఒక మంచాన్ని. ఆ మంచం మీద ఉన్నది నా బావమరిది.

గ్లాసు బల్ల మీద పెట్టేశాను. "బాగాలేదా మామయ్యగారూ?" అన్నాడు అల్లుడు. "బాగానే ఉంది బాబూ" అన్నాను. తిరుగు ప్రయాణంలో కారులో వారిద్దరికీ ఆ సంగతి చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

నేను చెప్పిన మాట

నా భార్యకు ఒక్కడే తమ్ముడు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. అందరితో కలుపుగోలుగా ఉండే మనిషి. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. అంతకు మూడేళ్ళ ముందు నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఆడవారి సారా వ్యతిరేకోద్యమం ఫలితమది. నిషేధకాలంలో అతను దొంగచాటుగా దొరికే నాటుసారాకు అలవాటుపడ్డాడు. 1997లో నిషేధం సడలించిన తరువాత కూడా, చవక కనుక, అదే తాగుతూ వచ్చాడు.

ఆ ఏడాది చివరలో ఒక సాయంత్రం మా క్వార్టర్సుకు వచ్చాడు. "బావగారూ, కడుపులో మంటగా ఉంటోంది. అన్నం సహించడం లేదు" అన్నాడు. పరీక్షించాను. కాలేయం ప్రక్కటెముక క్రింద రెండు వేళ్ళ మేర తగిలింది. అప్పటికి అతని వయసు నలభై. ఆ రోజున పూర్తిగా మానివేసి ఉంటే ఆ కాలేయం చాలావరకు కోలుకుని ఉండేది.

నేను కల్తీ సారా తాగినవారిని ఎందరినో చూసినవాణ్ణి. పరిశ్రమలలో వాడే మిథైల్ ఆల్కహాలు కలిసిన సారా శరీరంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. కొందరికి చూపు పోతుంది, కొందరికి ప్రాణం పోతుంది. నా భయమంతా దాని మీదనే ఉన్నది. పైగా ఇంటివాడు. కఠినంగా మాట్లాడడానికి మొహమాటం. "ఆ నాటుసారా మానెయ్యవోయ్. తాగక తప్పదనుకుంటే మంచిదేదో కాస్త తాగు" అన్నాను.

అతను నా మాటను తు.చ. తప్పకుండా పాటించాడు. నాటుసారా మానేశాడు. మొదట కంపెనీ బ్రాందీ, తరువాత విస్కీ, విదేశాలనుంచి వచ్చినవారు తెచ్చిస్తే స్కాచ్. కడుపులో మంట తగ్గింది. ఆకలి వేసింది. "మా బావగారు డాక్టరు, ఆయన చెప్పినదే తాగుతున్నాను" అని అందరితోనూ అనేవాడు. మంట తగ్గింది కనుక నేనూ మళ్ళీ కాలేయం తట్టి చూడలేదు. "కాస్త" అన్న మాటకు ఎన్ని మిల్లీలీటర్లో నేను చెప్పలేదు, అతను అడగలేదు.

2005లో కామెర్లతో, నీరు నిండిన పొట్టతో అదే ఆసుపత్రికి వచ్చాడు. పదకొండవ రోజు తెల్లవారుజామున రక్తపు వాంతి చేసుకున్నాడు. కాలేయం గట్టిపడినప్పుడు అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఇలా పగులుతాయి. మేము చేయగలిగినవన్నీ చేశాము. నిలవలేదు. అప్పుడే వార్డు తుడుస్తున్నారు.

కర్మలు అయిన తరువాత వాళ్ళ ఇంట్లో అలమరా మీద వరుసగా పేర్చిన ఖరీదైన సీసాల ఖాళీ అట్టపెట్టెలు చూశాను. అతని భార్య నన్ను ఒక్కటే అడిగింది: "ఆయన మంచిదే తాగారు కదా అన్నయ్యగారూ?" ఆమె మాటలో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలియక అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఇదీ కారులో నేను చెప్పినది. ఇద్దరూ మౌనంగా విన్నారు. "అమ్మకు తెలుసా?" అని మాత్రం అమ్మాయి అడిగింది. తెలియదన్నాను. ఆ రాత్రి నా భార్యకు కూడా చెప్పాను. మనవరాలి బట్టలు మడత పెడుతూ విన్నది. "తెలుసండీ. వాడే చెప్పాడు నాతో, ఆ రోజే" అన్నది. ఇరవై ఏళ్ళు ఆ మాట తన దగ్గర ఉంచుకున్నది. ఆ తరువాత మేము దాని గురించి మాట్లాడుకోలేదు.

లెక్క చూద్దాం

ఇప్పుడు ఆ పెళ్ళిలోని ప్రశ్నకు వద్దాం. మంచి కంపెనీ మద్యంలో మిథైల్ ఆల్కహాలు విషం భయం ఉండదు. ఆ మేరకు నేను అన్నది నిజమే. కానీ కాలేయాన్ని గట్టిపరిచేది ఇథైల్ ఆల్కహాలు. అది నాటుసారాలోనూ, బ్రాందీలోనూ, ఎడ్రడౌర్‌లోనూ ఒకటే అణువు. కాలేయం దానిని ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మార్చి, తరువాత విరుగగొడుతుంది. సీసా ధర ఎంతో, పీపాలో ఎన్నేళ్ళు ఉన్నదో తెలుసుకునే సాధనం కాలేయం దగ్గర లేదు. దానికి తెలిసినది గ్రాముల లెక్క ఒక్కటే.

ఆ లెక్క ఇది. బ్రిటన్‌లో 25 మి.లీ. విస్కీని ఒక కొలతగా పోస్తారు. 40 శాతం విస్కీ అయితే అందులో 10 మి.లీ., అంటే సుమారు 8 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. దీనిని ఒక యూనిట్ అంటారు. నేను చూసిన బలీఖిన్ 46 శాతం. కనుక అదే కొలతలో సుమారు 9 గ్రాములు. అంటే నచ్చి ఎంచుకున్న గ్లాసులోనే ఆల్కహాలు ఎక్కువ! మన దేశంలో పెద్ద పెగ్గు 60 మి.లీ., సాధారణంగా 42.8 శాతం. అందులో 20 గ్రాములు. "బీరే కదా" అనేవారు కూడా వినండి. 650 మి.లీ. సీసాలో 5 శాతమైతే సుమారు 25 గ్రాములు, 8 శాతం స్ట్రాంగ్ బీరైతే 41 గ్రాములు, అంటే రెండు పెద్ద పెగ్గులు.

2016లో బ్రిటన్ ప్రధాన వైద్యాధికారులు, ఆడవారైనా మగవారైనా, వారానికి 14 యూనిట్లు దాటవద్దని సూచించారు. మన పెద్ద పెగ్గుల లెక్కలో అది వారం మొత్తానికి అయిదున్నర లోపే. అది కూడా ప్రమాదాన్ని తక్కువలో ఉంచే గీత మాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సరు కారకాల మొదటి వర్గంలో చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, స్త్రీలలో రొమ్ము క్యాన్సర్లకు దీనితో సంబంధం ఉన్నది. ఏ మోతాదూ పూర్తిగా సురక్షితం కాదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

ఇంత పేరున్న విస్కీ చేసే స్కాట్లండే, నేను వెళ్ళడానికి కొద్ది వారాల ముందు, 2018 మే 1 నుంచి, ఒక యూనిట్ ఆల్కహాలును 50 పెన్నీలకు తక్కువగా అమ్మరాదని చట్టం అమలులోకి తెచ్చింది. 2024 సెప్టెంబరు చివర దానిని 65 పెన్నీలకు పెంచింది. అంటే 700 మి.లీ. విస్కీ సీసా ఏదైనా సరే 18 పౌండ్లకు తగ్గి దొరకదు. వారు కూడా లెక్కపెట్టినది యూనిట్లనే.

నా విన్నపం

కాలేయం చివరివరకు నొప్పి చెప్పదు. మంట తగ్గడం, ఆకలి వేయడం కాలేయం బాగుపడినదనడానికి గుర్తులు కావు. తాగే అలవాటున్నవారు రక్తపరీక్షతో పాటు కాలేయపు స్కానింగు కూడా చేయించుకుని వైద్యునికి చూపించాలి. కొవ్వు పట్టిన దశలో మానివేస్తే కాలేయం కోలుకునే అవకాశం బాగా ఉన్నది.

గర్భిణులు, హెపటైటిస్ బి, సి ఉన్నవారు, పాంక్రియాస్ వాపు వచ్చినవారు, క్షయకు మందులు వాడుతున్నవారు, నిద్రమాత్రలు వేసుకునేవారు మద్యం ఒక్క చుక్క కూడా ముట్టరాదు. ఇన్సులిన్, కొన్ని రకాల చక్కెర మాత్రలు వాడేవారిలో మద్యంవల్ల చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును.

రోజూ ఎక్కువగా తాగేవారు మాత్రం ఇంట్లో ఒక్కసారిగా ఆపవద్దు. రెండు మూడు రోజులలో వణుకు, ఫిట్సు, మతిభ్రమ రావచ్చును. వైద్యుని పర్యవేక్షణలో, థయమిన్ విటమినుతో మొదలుపెట్టి మానాలి.

వైద్యమిత్రులకు ఒక మాట. మొహమాటంతో చెప్పే సగం మాటను రోగి పూర్తి మందుచీటీగా తీసుకుంటాడు. "తాగితే మంచిది తాగు" అని 1997లో నేనన్న మాటను ఈరోజు ఉపసంహరించుకుంటున్నాను. వినవలసినవాడు లేడు. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం ఇప్పుడు చెప్పగలను: మంచిదే తాగాడమ్మా, కానీ కాలేయానికి ఆ తేడా తెలియదు. తప్పు చెప్పినది నేను.

పెళ్ళిలో ఆ బంధువుకు ఇంత కథా చెప్పలేదు. "రోజుకు ఎన్ని మిల్లీలీటర్లు బాబూ?" అని అడిగాను. అతను కొంచెంసేపు ఆలోచించి, "ఎప్పుడూ కొలవలేదండీ" అన్నాడు. ఎల్లుండి ఉదయం ఏమీ తినకుండా రమ్మన్నాను, రక్తపరీక్షకూ, స్కానింగుకూ.

వచ్చాడు.